పాఠకుల ప్రశ్నలు: చెక్ సినిమా ఎందుకు వెలిగింది, ఎందుకు ఆగింది?

ప్రశ్న: మా కళాశాలలో 1960ల నాటి చెక్ సినిమా ఒకటి చూపించారు. అంత చిన్న దేశంలో అంత మంచి సినిమాలు ఎలా వచ్చాయి? తరువాత ఎందుకు ఆగిపోయాయి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: 1945లో నాటి చెకోస్లొవాకియా చిత్రపరిశ్రమ జాతీయం కాగా, మరుసటి ఏడాది ప్రాగ్‌లో ఫాము అనే చలనచిత్ర విద్యాలయం వెలసింది. దర్శకులు మిలోష్ ఫోర్మన్, వేరా హితిలోవా, యిర్జీ మెంజెల్ అక్కడ చదువుకున్నవారే. 1960లలో సెన్సారు పట్టు సడలడంతో, సర్కారు సొమ్ముతోనే సర్కారును ప్రశ్నించే చిత్రాలు తీయగలిగారు. 1968 ఆగస్టులో సోవియట్ సేనలు ప్రవేశించాక ఆ వెసులుబాటు పోయింది. ఫోర్మన్ అమెరికా చేరాడు. మెంజెల్ 1969లో తీసిన ‘లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్’ 1990 దాకా వెలుగు చూడలేదు. ఆ ఏడాదే బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నతమైన గోల్డెన్ బేర్ పురస్కారాన్ని మరో చిత్రంతో పంచుకుంది.

తోలుబొమ్మలాట ఎరిగిన మన సీమవారు, బొమ్మలతో సినిమాలు తీసిన చెక్ దర్శకుడు యిర్జీ ట్రన్కాను తప్పక తెలుసుకోవాలి. ఆయన బొమ్మల ముఖాలు కదలవు. వెలుతురునూ కెమెరా కోణాన్నీ మార్చి వాటిలో దుఃఖాన్నీ భయాన్నీ పలికించాడు. 1965 నాటి ‘ది హ్యాండ్’ చిత్రంలో, తన మొక్క కోసం కుండ చేసుకుంటున్న కళాకారుడి గదిలోకి ఒక పెద్ద చేయి చొరబడి, కుండ మానేసి తన ప్రతిమనే చెక్కమని శాసిస్తుంది. నిరంకుశత్వాన్ని ఇంత సూటిగా చూపిన చిత్రాలు అరుదని నా అభిప్రాయం. ట్రన్కా మరణానంతరం దాన్ని నిషేధించారు. నిడివి 18 నిమిషాలే కనుక, ఈసారి మీ కళాశాలలో దీన్ని ప్రదర్శించమని అడగండి.