మామ్మ నోటి మాట

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మామ్మ చేటలో నూకలు చెరుగుతూ కూతురి పెళ్లి తప్పిపోయిన కబురు వినే చోట నా కళ్లు చెమర్చాయి. ఆ కింద పేరాలోనే చీర ఫైన్‌గా ఉంది, పిండి ఫైన్‌గా ఉంది, పొద్దున వాతావరణం ఫైన్‌గా ఉంది! ఒళ్లు మండి కాగితాలు పక్కన పెట్టేశాను.

ఆ మాట మీద నాకు పగ లేదమ్మా. లాటిన్‌లో 'ముగింపు' అనే ఫినిస్ దాని పుట్టిల్లు. చివరంటా పనితనం చూపిన వస్తువు మేలైనదన్నారు. పోనుపోను సన్నం, నాజూకు, స్వచ్ఛం, వానలేని పొద్దు, ఒంటి కులాసా అన్నీ దాని కిందికే చేరాయి. జరిమానాకి వాడే ఫైనూ ఆ ఇంటిదే: తగవు ముగించడానికి కట్టే సొమ్ము. ఏ అర్థమో ఇంగ్లీషువాడు పక్కమాటని బట్టి పోల్చుకుంటాడు. మనకా పాట్లెందుకు? బరంపురం పట్టు పోగు సన్నం, పిండి మెత్తన, బంగారం మేలిమి, వాన వెలిస్తే తెరిపి. మీ మామ్మకివన్నీ తెలుసు. ఆవిడ చూపుతో కథ చెబుతూ ఆవిడ మాట ఎలా వదిలేశావు?

కొత్తల్లో నేను మా ఊళ్లో పశువుల కొమ్ములతో బొమ్మలు చెక్కే పనివాళ్ల మీద కథ రాశాను. కొమ్ము నిగ్గు తేలిందని, కొంగ మెడ కోలగా సాగిందని వాళ్లన్నట్టే పెట్టాను. ఒక వారపత్రిక సంపాదకుడు అన్నీ కొట్టేసి 'అందమైన' అని వేసుకున్నాడు. సరిహద్దు తెలుగు పాఠకులకి ఎక్కదట! అలాంటివాళ్లే ఇవాళ ఫైన్‌ని కళ్లకద్దుకుని అచ్చేస్తున్నారు. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూనే కొండజాతి సవరల భాషని వాళ్ల నోటే విని నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కూర్చారు. 1936లో ఊరు ఒడిశాలో కలిస్తే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఉండిపోయాం. మన పిల్లలకి బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు మిగిలిందల్లా వంటింట్లో, మగ్గం దగ్గర, సంతలో. నువ్వు రాయకపోతే ఆ మాటలు ఇంకెవరు రాస్తారు?

చివర్లో డాక్టరు 'ఫైన్' అంటాడు చూడు, అది ఉంచు. ఆయన అలాగే అంటాడు. చీర దగ్గర మాత్రం మామ్మని కూర్చోబెట్టి అడుగు, ఏమంటే అదే రాసి మళ్లీ పంపు.