అమ్మానాన్నలకు టాప్‌అప్ తీసుకునే ముందు ఒక్క మాట

నాన్నగారికి 71, అమ్మగారికి 66 ఏళ్లు, మీ కంపెనీ పాలసీలో ఇద్దరికీ కలిపి 3 లక్షల కవర్ ఉంది, దాని పైన టాప్‌అప్ (ఒక పరిమితి దాటిన ఆసుపత్రి ఖర్చును ఇచ్చే అదనపు పాలసీ) తీసుకోమని ఏజెంట్ అంటున్నాడు, తీసుకోవాలా అని అడిగారు. తీసుకోండి. కాకపోతే టాప్‌అప్ వద్దు, సూపర్ టాప్‌అప్ తీసుకోండి. ఈ తేడా తెలియక మా ఇంట్లో 2 లక్షల 10 వేలు చేతినుంచి కట్టాం.

మా నాన్నకు 5 లక్షల పాలసీ ఉండేది. దాని మీద 5 లక్షల డిడక్టబుల్‌తో, అంటే మొదటి 5 లక్షలు టాప్‌అప్ ఇవ్వదు, పైదే ఇస్తుంది అన్న షరతుతో, మామూలు టాప్‌అప్ తీసుకున్నాను. జులైలో స్టెంట్ వేశారు. 3 లక్షల 20 వేల బిల్లు అసలు పాలసీలోనే సరిపోయింది. జనవరిలో న్యుమోనియా వచ్చి ఐసీయూలో పెట్టారు. ఈసారి బిల్లు 3 లక్షల 90 వేలు, పాలసీలో మిగిలింది లక్షా 80 వేలే. మిగతాది టాప్‌అప్ చూసుకుంటుందని ధీమాగా ఉన్నాను. డిశ్చార్జి రోజు కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పింది. టాప్‌అప్ నుంచి సున్నా. మామూలు టాప్‌అప్‌లో ఏ బిల్లుకా బిల్లు 5 లక్షలు దాటాలట. నాన్న చక్రాల కుర్చీలో, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, "ఏమైందిరా, ఇంకా ఎంతసేపు?" అని అడుగుతున్నారు. నేను పక్కకు వెళ్లి బావకు ఫోన్ చేసి డబ్బు సర్దమన్నాను.

సూపర్ టాప్‌అప్ అయితే పాలసీ ఏడాదిలో వచ్చిన బిల్లులన్నీ కలిపి లెక్కేస్తుంది. మా రెండు బిల్లులూ కలిపి 7 లక్షల 10 వేలు. అందులో 5 లక్షలు పోను మిగతాదంతా వచ్చేది. పెద్దవాళ్లకు ఒక్కసారే పెద్ద బిల్లు రావడం కంటే, ఒకే ఏడాది రెండు మూడుసార్లు ఆసుపత్రిలో చేరడమే ఎక్కువగా చూస్తాం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఉద్యోగం మారితే కంపెనీ పాలసీ పోతుంది. అప్పుడు సూపర్ టాప్‌అప్ ఇవ్వని ఆ మొదటి 3 లక్షలు ప్రతి ఏడాదీ మీ జేబులోంచే. వీలైతే వాళ్ల పేరు మీద చిన్నదైనా సొంత పాలసీ ఒకటి పెట్టండి. రెండు పాలసీల రెన్యువల్ తేదీలు దగ్గరగా ఉండేలా చూసుకోండి. ఒకటి ఏప్రిల్‌లో, ఇంకోటి అక్టోబరులో మొదలైతే ఏ బిల్లు ఏ ఏడాదిలోకి వస్తుందో తేల్చుకోలేక తల పట్టుకుంటారు.

షుగర్, బీపీ ఉంటే ప్రపోజల్ ఫారంలో రాయండి. "రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయండి సార్" అని ఎవరన్నా వినొద్దు. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా 3 ఏళ్లే. దాచిపెట్టి, క్లెయిమ్ సమయంలో బయటపడితే మొత్తానికే మోసం వస్తుంది. కో-పే (ప్రతి బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఎంత శాతమో, రూమ్ రెంట్ పరిమితి ఉందో లేదో కూడా చూడండి. పరిమితికి మించిన గది తీసుకుంటే కోత గది అద్దెతో ఆగదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీల్లో కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు.

మీ నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు (70 ఏళ్లు నిండినవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉచిత వైద్య బీమా) వెంటనే చేయించండి. 2024 అక్టోబరులో మొదలైంది. ఆదాయంతో పనిలేదు, ఆధార్ చాలు. ఏడాదికి 5 లక్షలు, వెయిటింగ్ పీరియడ్ లేదు, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు. అమ్మగారికి ఇంకా 4 ఏళ్లు ఆగాలి, కాబట్టి సూపర్ టాప్‌అప్ అవసరం ముందు ఆవిడకే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, ఏజెంట్ ఇచ్చిన కొటేషన్ పాతదైతే మళ్లీ అడగండి.

వయ వందన కార్డు జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది. మీ ఊరికి దగ్గర్లో ఏవి ఉన్నాయో, గుండె జబ్బులకు అక్కడ ఆ కార్డు మీద చేర్చుకుంటారో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబర్లు అమ్మగారి ఫోన్‌లో కూడా వేసి పెట్టండి.