జీను మీదే, తాళం తీసి తెచ్చుకుంటే మాత్రం దొంగతనం

ప్రశ్న: లాయర్ గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లి ఊరేగింపులకు రెండు గుర్రాలు తిప్పుతాను. మా తాతగారి నాటి తోలు జీను కుట్లు ఊడి, లోపలి ఉన్ని గడ్డలు కట్టింది. గత ఏడాది ఉగాది ముందు రాజమండ్రిలో జీన్లు కుట్టే ఒకాయనకు బాగుచేయమని ఇచ్చాను. 6,500 రూపాయలకు మాట్లాడుకుని 3,000 అడ్వాన్స్ ఇచ్చాను. దసరాకు వెళ్తే, లోపలి చెక్క చట్రం విరిగి ఉంటే మార్చేశానని, మొత్తం 14,000 ఇస్తే గాని జీను ఇవ్వనని అన్నాడు. లేదా పాతది వదిలేసి తన దగ్గరున్న కొత్తది 22,000కు కొనుక్కోమన్నాడు. తాతగారి వస్తువు కదా, ఇంట్లో అందరికీ ఒకటే బెంగ. అరువు జీను వేస్తే ఒక గుర్రానికి వీపు పుండు పడింది, దాంతోనే రెండు పెళ్లిళ్లు లాగించాను. ఆ షాపులో కుర్రాడు మా బావమరిదికి తెలుసు. తాళం తీస్తానంటున్నాడు. మా వస్తువు మేం తెచ్చుకుంటే తప్పా? ఇంతకీ పాతది బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

జవాబు: మీ ఉత్తరంలో సగం తాతగారి గురించే ఉంది. కేసు మాత్రం ఒక్క దాని మీదే తేలుతుంది: చట్రం మార్చమని మీరు చెప్పారా, లేదా?

బాగుచేయడానికి తీసుకున్న వస్తువును, చేసిన పనికి కూలి అందేవరకు అట్టిపెట్టుకునే హక్కు పనివాడికి ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇదే చెబుతుంది. కానీ ఆ హక్కు ఒప్పుకున్న పనికే. అడగకుండా చేసిన పనికి 14,000 కట్టమనడానికి ఆయనకు ఆధారం ఉండాలి. చట్రం సంగతి ఫోన్‌లో చెబితే మీరు ‘సరే కానివ్వండి’ అన్నారా? ఉత్తరంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. అని ఉంటే మీ వాదన అక్కడే సగం పోతుంది.

ఇక సాక్ష్యం. మీరు పంపిన ఫొటోలో విజిటింగ్ కార్డు వెనక బాల్‌పెన్నుతో ‘జీను 1, అడ్వా. 3000’ అని ఉంది. తేదీ లేదు, సంతకం లేదు, 6,500 అంకె అసలే లేదు. పెళ్లివారి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటే ముహూర్తంతో సహా డైరీలో రాసుకునే మీరు, సొంత వస్తువు ఇచ్చేటప్పుడు కాగితం అడగలేదా? పైగా వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్ ఫోన్ మార్చినప్పుడు పోయిందని తాపీగా రాశారు. దాన్ని బావమరిదికి ఫార్వర్డ్ చేశానన్నారు కాబట్టి బతికిపోయారు. బావమరిది ఫోన్ అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. మెసేజ్‌ను కోర్టులో పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. ఫార్వర్డ్ అయిన కాపీ కాబట్టి అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

తాళం సంగతికి వస్తాను. ఆ ఆలోచన ఈ రోజే మానుకోండి. మన వస్తువును మనం తెచ్చుకున్నా దొంగతనం కావచ్చు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో అచ్చం ఇలాంటి ఉదాహరణే ఉంది: గడియారం బాగుచేయించుకున్నవాడు, కూలి బాకీ ఉండి, ఆ బాకీ కోసం షాపతను అట్టిపెట్టుకున్న గడియారాన్ని అతనికి ఆ హామీ లేకుండా చేయాలని పట్టుకుపోతే అది దొంగతనమే. 14,000 అన్యాయమే అనుకుందాం. ఆయన కుట్లు వేసి ఉంటే మీ లెక్క ప్రకారమే ఇంకా 3,500 బాకీ. ఇప్పుడు మీరు ఫిర్యాదుదారు. తాళం తీసిన మర్నాడు మీరు ముద్దాయి, బావమరిది రెండో ముద్దాయి, ఆ కుర్రాడు మూడో వాడు.

రావులపాలెం వంతెన దాటి వెళ్లి గొడవపడి రావడం చట్టం దృష్టిలో డిమాండ్ (వస్తువు తిరిగి ఇమ్మని అడగడం) అనిపించుకోదు అనను గాని, దాన్ని రుజువు చేయలేరు. ‘ఆయన రానేలేదు, నేను కాదననేలేదు’ అంటాడు. కాబట్టి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 6,500కు ఒప్పందం, 3,000 చెల్లింపు, చట్రానికి నేను ఒప్పుకోలేదు (ఇది నిజమైతేనే), ఒప్పుకున్న పని చేసి ఉంటే 3,500 ఇవ్వడానికి సిద్ధం, పదిహేను రోజుల్లో జీను అప్పగించండి. ఇంతే రాయండి, తాతగారిని తీసుకురావద్దు. డెలివరీ రుజువు దాచండి. డబ్బు ఇవ్వాల్సి వస్తే యూపీఐలోనే ఇవ్వండి.

గడువు దసరా నుంచే లెక్కపెట్టుకోండి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు, వస్తువు తిరిగి ఇప్పించమని సివిల్ దావాకు మూడేళ్లు. నోటీసు ఇస్తే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుందని కొందరు అనుకుంటారు, రాదు. ఇంత చిన్న మొత్తానికి కమిషనే మేలు. మీరు ఉండే చోటే వేయవచ్చు, ఫీజు లేదు. గుర్రాలు వ్యాపారం కదా అని అభ్యంతరం పెడతారు. సొంతంగా చేసుకునే జీవనోపాధికైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మిమ్మల్ని వినియోగదారుగానే చూస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది.

అరువు జీనుతో పడ్డ పుండుకు ఈయన్ని బాధ్యుణ్ణి చేయడం కష్టం. పుండు ఉన్న గుర్రాన్ని పనికి తిప్పడం మాత్రం 1960 జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద మీ మీదకే వస్తుంది. మానేదాకా ఊరేగింపులు ఆపి, పశువుల ఆసుపత్రిలో చూపించండి.

బాగుచేయించాలా, కొనాలా అన్నది చట్టం చెప్పేది కాదు. జీను చేతికొచ్చాక ముందు, వెనక అంచులు పట్టుకుని లోపలికి నొక్కండి. కిర్రుమన్నా, వంగినా చట్రం పోయినట్టే. దాని మీద పెట్టే కుట్టుకూలి దండగ, బరువంతా గుర్రం వెన్ను మీదే పడుతుంది. చట్రం గట్టిగా ఉంటే ఉన్ని, కుట్లు, పట్టీలు మార్పించుకుంటే చాలు. ఆ పరీక్ష ఇంకో పనివాడి ముందు చేసి, ఆయన చేత రాయించుకోండి. ఆ 22,000 కొత్త జీను మాత్రం ఆయన దగ్గర కొనవద్దు. పాతది వదిలేసి కొత్తది తీసుకుంటే లెక్క తేలిపోయిందని ఆయన లాయరు వాదిస్తాడు. ఇంకోచోట కొంటే బిల్లు మీ పేరున తీసుకోండి, బావమరిది పేరున కాదు.