హాల్లో ఉండబోయే అమ్మాయికి, వాళ్ల అమ్మకు

"ఆంటీ, మొదటి సంవత్సరం క్యాంపస్‌లో హాల్లో ఉండనా, బయట మనవాళ్లు నలుగురితో కలిసి అపార్ట్‌మెంట్ తీసుకోనా?" జులై వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో ఈ ప్రశ్న తప్పకుండా ఉంటుంది. హాల్ అంటే అక్కడి యూనివర్సిటీ హాస్టల్. ఈసారి అడిగింది ఖమ్మం అమ్మాయి. ఇంటర్ అయ్యాక డిగ్రీకి అమెరికాలో, మిడ్‌వెస్ట్ అనే ఉత్తర మధ్య ప్రాంతంలో ఒక స్టేట్ యూనివర్సిటీకి వెళ్తోంది. రెండు రోజులకు వాళ్లమ్మగారు ఫోన్ చేసి, "అక్కడ వార్డెన్ ఉంటారా అండీ?" అన్నారు. ఇద్దరికీ కలిపి ఇక్కడ చెప్తాను, ఇలాగే వెళ్తున్న మిగతా పిల్లలకూ పనికొస్తుంది.

హాల్లోనే ఉండమ్మా. చాలా యూనివర్సిటీలు డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల్ని ఎలాగూ క్యాంపస్‌లోనే ఉండమంటాయి. అలాంటి నియమం లేకపోయినా నా మాట అదే. ఎమ్మెస్‌కి వచ్చేవాళ్ల లెక్క వేరు. వాళ్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు, ఖర్చు చూసుకోవాలి, వండుకోగలరు, నలుగురు కలిసి బయట ఉంటే తప్పులేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకి మాత్రం క్లాసు అయిపోయాక కూడా ఆ యూనివర్సిటీ మనుషుల మధ్యే ఉండడం అవసరం. నేను 1999లో ఎమ్మెస్‌కి వచ్చాను. మాట్లాడుకున్న అపార్ట్‌మెంట్ ఆఖరి నిమిషంలో చేజారిపోతే గత్యంతరం లేక ఏడాదంతా హాల్లో ఉన్నాను. ఈ దేశంలో నాకు మొదట దగ్గరైన మనుషులు ఆ ఫ్లోర్ వాళ్లే.

ముందు మన హాస్టల్ బొమ్మ మనసులోంచి తీసేయాలి. ఆరింటికి గేటు మూయడం, లోకల్ గార్డియన్ సంతకం, ఇంటికెళ్లాలంటే వార్డెన్ పర్మిషన్, ఇవేవీ ఉండవు. అక్కడి సిబ్బంది 'డార్మ్' అనే మాట కూడా వాడరు, 'రెసిడెన్స్ హాల్' అంటారు. డార్మ్ అంటే పడుకునే చోటు మాత్రమే, ఇది కలిసి బతికే చోటు అని వాళ్ల ఉద్దేశం. ఫ్లోర్‌కి ఒకరో ఇద్దరో ఆర్.ఏ.లు (రెసిడెంట్ అసిస్టెంట్లు) ఉంటారు. ఆర్.ఏ. అంటే మీకన్నా ఒకటి రెండేళ్లు పెద్దదైన స్టూడెంటే. ఆ పనికి బదులుగా చాలాచోట్ల గది, కొన్నిచోట్ల భోజనం కూడా ఉచితంగా ఇస్తారు. మా పెద్దమ్మాయి రెండేళ్లు ఆ పని చేసింది. డ్యూటీ ఉన్న రాత్రి ఫ్లోర్లన్నీ తిరిగేది, తాళంచెవి గదిలో మరిచిపోయినవాళ్లకి తలుపు తెరిపించేది, ఇంటి మీద బెంగతో అర్ధరాత్రి తలుపు కొట్టినవాళ్ల పక్కన కూర్చునేది. ఎవరినీ కాపలా కాయలేదు. ఆగస్టులో పిల్లలు దిగకముందే ప్రతి తలుపు మీదా అంటించడానికి రంగు కాగితాల మీద పేర్లు తన చేత్తో రాసేది.

ఆ పేరు దగ్గరే మనవాళ్లకి మొదటి చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఒకచోట పడి ఉంటాయి. హౌసింగ్ ఫారంలో 'ఇష్టమైన పేరు' అనే గడి ఖాళీగా వదిలేస్తారు. దాంతో తలుపు మీద ఇంటిపేరు వెలుస్తుంది, ఏడాదంతా ఫ్లోరంతా ఆ ఇంటిపేరుతోనే పిలుస్తుంది. పిల్ల సర్దుకుపోతుంది. సర్దుకుపోకమ్మా. ఆ గడి నింపు. దిగిన మొదటి రోజుల్లోనే ఫ్లోర్ మీటింగ్ పెడతారు. ప్రయాణం బడలికతో కళ్లు మూతలు పడుతున్నా వెళ్లు. నీ పేరు నీ నోటితో రెండుసార్లు నిదానంగా చెప్పు.

ఈ 'సర్దుకుపోవడం' గురించే నేను ఎక్కువ చెప్పాలి. మన ఇళ్లలో ఆడపిల్లకి దాన్ని మంచి గుణంగా నేర్పుతాం. పెళ్లింట్లో పదిమంది పడుకునే గదిలో అది మంచి గుణమే. హాల్లో మాత్రం అది మనల్నీ, మన పక్కమనిషినీ ఇద్దర్నీ బాధపెడుతుంది.

నా రూమ్మేట్‌ది మిన్నెసోటా, బాగా చలి ఉండే రాష్ట్రం. అక్టోబర్ నెలలో కూడా రాత్రి కిటికీ తెరుచుకుని పడుకునేది. నేను గుంటూరు ఎండలో పుట్టి పెరిగినదాన్ని. రెండు స్వెట్టర్లు, అమ్మ పెట్టిచ్చిన దుప్పటి, పైన శాలువా, చెవులకి మఫ్లర్. అయినా తెల్లవారేసరికి చేతివేళ్లు వంగేవి కావు. ఏడు వారాలు నోరు తెరవలేదు. పరాయి దేశం, ముందు వచ్చింది తను, అడిగితే ఏమనుకుంటుందో అని. సాయంత్రాలు మన స్నేహితురాళ్లతో మాత్రం ఫోన్లో తెలుగులో చెప్పుకుని బాధపడేదాన్ని. తను అదే గదిలో పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేది. భాష తెలియకపోయినా తన సంగతే మాట్లాడుతున్నానని గొంతుని బట్టి తెలిసేదట, తర్వాత చెప్పింది.

చివరికి జ్వరం వస్తే ఆర్.ఏ. దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి అంతా విని ఒకటే అడిగింది: "ఈ మాట మీ రూమ్మేట్‌తో అన్నావా?" అనలేదన్నాను. ఆ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. మొదటి వారం మేమిద్దరం సంతకం పెట్టిన రూమ్మేట్ ఒప్పందం కాగితం ఆర్.ఏ. తీసి బల్ల మీద పెట్టింది. 'గది చల్లదనం' అన్న వరుసలో నా చేతిరాతతో 'ఎలా ఉన్నా పర్వాలేదు' అని ఉంది. నిద్ర వేళలు, అతిథులు, లైటు, అన్నిటికీ అదే రాశాను. నా రూమ్మేట్ ఆ కాగితం వంకే చూస్తూ, "పర్వాలేదని నువ్వే రాశావు కదా, నేను నమ్మాను" అంది. తనకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ రాత్రి నుంచి పడుకునే ముందు పది నిమిషాలు మాత్రమే కిటికీ తెరిచేది.

ఆ ఒప్పందం కాగితం ఇప్పుడు చాలాచోట్ల ఆన్‌లైన్‌లో నింపిస్తారు. పరీక్ష పేపర్ రాసినంత శ్రద్ధగా నింపు. ఎన్నింటికి పడుకుంటావు, పొద్దున అలారం ఎన్నిసార్లు మోగితే భరించగలవు, తన స్నేహితుడు రాత్రి గదిలో ఉండిపోతే నీకు సమ్మతమేనా, నీ మంచం మీద ఇంకొకరు కూర్చోవచ్చా, నీ గిన్నెలో మాంసం వేడిచేయొచ్చా, అన్నీ రాయి. నచ్చనిది జరిగితే ఒకటి రెండు రోజుల్లోనే నేరుగా, మెత్తగా చెప్పు. అప్పటికీ కుదరకపోతే ఆర్.ఏ., ఆ పైన హాల్ డైరెక్టర్. హాల్ డైరెక్టర్ పూర్తికాలం ఉద్యోగి, చాలాచోట్ల ఆ భవనంలోనే ఉంటారు. గది మార్చమని అడగడం తప్పు కాదు, దానికీ ఒక పద్ధతి ఉంటుంది. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. లైంగిక వేధింపు లాంటిది ఆర్.ఏ.కి చెప్తే చాలాచోట్ల తను యూనివర్సిటీకి రిపోర్ట్ చేసి తీరాలి. ఎవరికీ తెలియకుండా ముందు మాట్లాడుకోవాలనిపిస్తే కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లాలి.

ఫైర్ అలారం సంగతి. నేను హాల్లో ఉన్న ఆ చలికాలంలోనే, 2000 జనవరి 19 తెల్లవారుజామున, న్యూజెర్సీలో సీటన్ హాల్ యూనివర్సిటీలోని బోలాండ్ హాల్ తగలబడింది. ముగ్గురు పిల్లలు పోయారు, ముగ్గురూ 18 ఏళ్లవాళ్లు. యాభై మందికి పైగా గాయపడ్డారు. అంతకుముందు ఉత్తుత్తి అలారాలు ఎన్నోసార్లు మోగి ఉండడంతో ఆ రాత్రి కూడా అలాంటిదేననుకుని చాలామంది వెంటనే లేవలేదు. ఆ భవనంలో స్ప్రింక్లర్లు కూడా లేవు. తర్వాత న్యూజెర్సీ రాష్ట్రం హాళ్లన్నిటిలో అవి పెట్టి తీరాలని చట్టం చేసింది. ఆ వార్త చూశాక మా ఫ్లోర్‌లో అలారం మోగితే పరీక్ష ముందు రాత్రి అయినా సరే ఒక్కరూ మంచం మీద ఉండేవారు కాదు. నువ్వూ లేవాలి. కోటు, చెప్పులు, తాళంచెవి తలుపు దగ్గరే పెట్టుకో. లిఫ్ట్ ఎక్కొద్దు.

గది పైకప్పుకి, లేదా గోడ మీద పైన, చిన్న ఇత్తడి ముక్కు లాంటిది కనిపిస్తుంది. అదే స్ప్రింక్లర్. అందులో వేలెడంత కూడా లేని గాజు గొట్టం, లోపల సాధారణంగా ఎర్రటి ద్రవం ఉంటుంది. 68 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే ఆ గాజు పగిలి నీళ్లు దూకుతాయి. తడి చున్నీ ఆరేద్దామని దానికి హ్యాంగర్ తగిలించినా అది పగిలిపోవచ్చు. పగిలిందంటే వాల్వ్ కట్టేసేదాకా నీళ్లు ఆగవు. మా అమ్మాయి పనిచేసిన హాల్లో సరిగ్గా ఇదే జరిగింది. నల్లటి, తుప్పు వాసన నీళ్లు కింద రెండు ఫ్లోర్లకి దిగి, పాపం ఏ పాపం తెలియని పిల్లల పుస్తకాలు, లాప్‌టాప్‌లు పోయాయి. బట్టలు ఆరేసుకోవడానికి మడతపెట్టే స్టాండ్ ఒకటి కొనుక్కో.

మంట పుట్టించేది ఏదీ గదిలో ఉండనివ్వరు. దీపం, అగరుబత్తి, కర్పూరం, ఏవీ కుదరవు. వినాయక చవితి సరిగ్గా నువ్వు దిగిన కొత్తలోనే వస్తుంది, ఆ రోజు మనసు ఇంటి మీదే ఉంటుంది. బ్యాటరీ దీపం పెట్టుకో, చిన్న ప్రతిమ, పక్కన చెట్టు నుంచి రాలిన నాలుగు పూలు. చాలా క్యాంపస్‌లలో అన్ని మతాలవాళ్లకీ ధ్యానం గది ఉంటుంది, అడుగు. రూమ్మేట్‌ని కూడా కూర్చోమను, ఏం చేస్తున్నావో చెప్పు. నేను దండం పెట్టుకుంటుంటే మిన్నెసోటా అమ్మాయి నిశ్శబ్దంగా టీవీ కట్టేసింది. అది నేను మరిచిపోలేను.

తిండికి టెన్షన్ పడొద్దు, కానీ అడిగి తిను. డైనింగ్ హాల్లో మీల్ ప్లాన్ మీద, అంటే భోజనాలకి ముందే డబ్బు కట్టేసి, తింటారు. ఏ మాంసం తిననిదానివైతే 'వెజిటేరియన్' అనేస్తే సరిపోదు. సూపులో చికెన్ నీళ్లు ఉండొచ్చు, జెల్లో, మార్ష్‌మాలో లాంటివాటిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. చాలాచోట్ల డైటీషియన్ ఉంటారు, మొదటి వారమే కలిసి మాట్లాడు. అన్నం పప్పు మీద ప్రాణం లాగితే ఫ్లోర్ వంటగది ఉంటుంది. పోపు పెట్టేటప్పుడు ముందు ఫ్యాన్ వేయి, నూనె పొగ వచ్చేదాకా కాగనివ్వకు, ఎండుమిర్చి మాడనివ్వకు, అలారం మోగేది అక్కడే.

అమ్మగారూ, ఇక మీ మాట. మీరు ఆర్.ఏ.కి ఫోన్ చేసి అమ్మాయి ఎలా చదువుతోంది అంటే తను చెప్పదు, చెప్పకూడదు. 1974 నాటి ఫెర్పా అనే చట్టం ప్రకారం కాలేజీలో చేరిన పిల్లల వివరాల మీద హక్కు ఆ పిల్లలదే. ఫీజు మీరు కట్టినా అంతే. ప్రాణాపాయం లాంటి అత్యవసర సందర్భాల్లో మాత్రం యూనివర్సిటీ మీకు చెప్పొచ్చు. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా మీ నంబరు, అమెరికాలో ఉండే దగ్గరి బంధువు నంబరు అమ్మాయి చేత రాయించండి. వారంలో ఏ రోజు, ఏ వేళకి మాట్లాడుకోవాలో ఇప్పుడే అనుకోండి. మిడ్‌వెస్ట్‌లో ఎక్కువ భాగానికి వేసవిలో పదిన్నర గంటల తేడా, నవంబర్ నుంచి పదకొండున్నర. ఒక కాల్ తప్పితే కంగారుపడకండి. రోజంతా ఉలుకూ పలుకూ లేక మీకు నిజంగా భయమేస్తే క్యాంపస్ పోలీసులకి ఫోన్ చేసి 'వెల్ఫేర్ చెక్' అడగండి, గది దాకా వెళ్లి చూసి వస్తారు. ఆ నంబరు ఈరోజే రాసిపెట్టుకోండి. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ అనే అక్కడి పండుగ. అప్పుడూ, డిసెంబర్ సెలవుల్లోనూ కొన్ని హాళ్లు మూసేస్తారు. అమ్మాయి ఎక్కడుంటుందో సెప్టెంబర్‌లోనే తేల్చుకోవాలి. బయట ఉన్న మనవాళ్ల ఇళ్లు అప్పుడు ఆదుకుంటాయి.

పెట్టెలో కరెంటు కుక్కర్, మిక్సీ పెట్టొద్దు. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. బెడ్‌షీట్ కూడా వద్దు. హాలు మంచాలు చాలాచోట్ల ట్విన్ ఎక్స్ఎల్ అనే సైజు, 80 అంగుళాల పొడవు, అక్కడే కొంటే సరిగ్గా సరిపోతుంది. రూమ్మేట్‌కీ ఫ్లోర్ వాళ్లకీ పంచడానికి పల్లీ పట్టీలు చేసి ఇస్తానన్నారు. మంచి ఆలోచన, కానీ ఒక్క పని ముందు చేయించండి. రూమ్మేట్ పేరు, ఈమెయిల్ యూనివర్సిటీ పంపగానే అమ్మాయి చేత ఒక మెయిల్ రాయించండి: నీకు పల్లీలు పడతాయా, రాత్రి ఎన్నింటికి పడుకుంటావు, కిటికీ తెరుచుకుని పడుకుంటావా అని. పల్లీల అలర్జీ ఉన్నవాళ్లకి చిన్న ముక్క కూడా ప్రాణం మీదికి తేవచ్చు. జవాబు వచ్చాకే పాకం పట్టండి.