మోల్ లెక్కల్లో గ్రాములను నేరుగా సమీకరణంలోని అంకెలతో గుణిస్తే జవాబు ఎందుకు తప్పుతుంది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. 102 కిలోల అల్యూమినా నుంచి ఎంత అల్యూమినియం వస్తుందన్న లెక్కలో, సమీకరణంలో రెండు అల్యూమినాకు నాలుగు అల్యూమినియం అని ఉంది కనుక రెట్టింపు చేసి 204 కిలోలని రాశారు. పుస్తకం వెనుక 54 అని ఉంది. రెండోది, నైట్రోజన్ 10 గ్రాములు, హైడ్రోజన్ 10 గ్రాములు ఇచ్చి అమ్మోనియా ఎంత వస్తుందని అడిగితే ఏ అంకెతో లెక్క మొదలుపెట్టాలో తెలియలేదని రాశారు. మీది గుణుపురం అన్నారు, నాది రాయగడ. ఒకే జిల్లా వాళ్ళం కాబట్టి ఉదాహరణలు మన వైపువే తీసుకుంటాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. మీరు చేసిన తప్పునే నేను ప్లస్ టూ మొదటి ఏడాదంతా చేశాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు పుస్తకం కావడంతో ఇంట్లో ‘బరువు’ అన్నదే బడిలో ‘బస్తుత్వ’ అయ్యేది, కాలేజీలో ‘మాస్’ అయ్యేది. నా తప్పంతా ఈ మాటల గందరగోళం వల్లనే వస్తోందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదని ఇప్పుడు ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాక తెలుస్తోంది. ఒక్క భాషలోనే చదువుకున్న పిల్లలూ సరిగ్గా ఇక్కడే పడిపోతారు.

లెక్క తప్పిందో లేదో పుస్తకం వెనుక చూడకుండానే మీకు తెలిసి ఉండవలసింది. మన పక్కనే కోరాపుట్ జిల్లా దమన్‌జోడిలో, పంచపట్‌మలి కొండల మీద తవ్విన బాక్సైట్‌ను శుద్ధి చేసి అల్యూమినా అనే తెల్లని పొడిగా మారుస్తారు. ఆ పొడిని అంగుల్‌లోని స్మెల్టర్‌లో కార్బన్ కడ్డీల ద్వారా విద్యుత్తు పంపి విడగొట్టి లోహం తీస్తారు. అల్యూమినాలో అల్యూమినియంతో పాటు ఆక్సిజన్ కూడా ఉంది. ఆ ఆక్సిజన్‌ను తీసివేసిన తరువాత మిగిలే లోహం, మొదటి పొడి కంటే రెట్టింపు బరువు ఎలా తూగుతుంది? వడ్లు దంచితే వడ్లకంటే బియ్యం ఎక్కువ వచ్చాయని చెబితే మీ ఇంట్లో ఎవరైనా నమ్ముతారా? జవాబు రాసిన వెంటనే ఈ ప్రశ్న వేసుకునే అలవాటు ఉంటే సగం తప్పులు అక్కడికక్కడే దొరికిపోతాయి.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. ఈ విషయం నాకు తరగతి గదిలో కాక, పర్లాకిమిడిలో మా మేనమామ ఇనుప సామాన్ల దుకాణంలో తెలిసింది. వేసవి సెలవుల్లో అక్కడ కూర్చునేవాణ్ణి. ఎవరైనా వచ్చి నూట యాభై బోల్టులు కావాలంటే మామయ్య ఒక్కొక్కటీ లెక్కపెట్టేవాడు కాదు. పది బోల్టులు లెక్కించి కాటా మీద వేసేవాడు. 300 గ్రాములు తూగితే బోల్టు ఒక్కింటికి 30 గ్రాములన్నమాట. ఇక నాలుగున్నర కిలోలు తూచి సంచిలో పోసేవాడు. ఒకరోజు ఒక వడ్రంగి మూడు కిలోల బోల్టులు కొని, ప్రతి బోల్టుకూ రెండేసి నట్లు కావాలన్నాడు. నేను ఉత్సాహంగా ఆరు కిలోల నట్లు తూచాను. మామయ్య ఏమీ అనకుండా ఆ నట్లను తిరిగి డబ్బాలో పోసి, రెండు కిలోలు మాత్రం తూచి ఇచ్చాడు. మూడు కిలోల బోల్టులంటే నూరు బోల్టులు. నూరు బోల్టులకు రెండు వందల నట్లు. నట్టు ఒక్కొక్కటి 10 గ్రాములు కాబట్టి రెండు వందల నట్లు రెండు కిలోలు. ‘ఒకటికి రెండు’ అన్నది సంఖ్యకు సంబంధించిన మాట, దానిని నేను బరువుకు అంటగట్టాను.

రసాయన సమీకరణం కూడా ఆ వడ్రంగి లాగానే మాట్లాడుతుంది. తుల్య సమీకరణంలో పదార్థాల ముందు ఉండే గుణకాలు ఎన్ని కణాలకు ఎన్ని కణాలో చెబుతాయి తప్ప ఎన్ని గ్రాములకు ఎన్ని గ్రాములో చెప్పవు. మన చేతిలో ఉన్న కాటా మాత్రం గ్రాములే చెబుతుంది. అందువల్ల ప్రతి లెక్కలోనూ గ్రాముల నుంచి సంఖ్యకు వెళ్ళాలి, గుణకాల నిష్పత్తిని అక్కడ వాడాలి, తిరిగి సంఖ్య నుంచి గ్రాములకు రావాలి. అణువులు మరీ చిన్నవి కావడంతో వాటిని పదులలోనో నూర్లలోనో లెక్కించలేము కాబట్టి మోల్ అనే పెద్ద కట్టను పెట్టుకున్నారు. ఒక కట్టలో 6.02214076 × 10²³ కణాలు ఉంటాయి. 12 గ్రాముల కార్బన్-12లో ఉండే పరమాణువుల సంఖ్య అని పాత పుస్తకాల్లో కనిపించే నిర్వచనానికి బదులుగా, 2019 మే 20 నుంచి ఈ సంఖ్యనే నేరుగా నిర్వచనంగా స్థిరపరిచారు. మన లెక్కలకు రెండింటికీ తేడా లేదు. దీనినే అవగాడ్రో సంఖ్య అంటారు కనుక, పిల్లలు దీనిని ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో స్వయంగా లెక్కించాడనుకుంటారు. ఆయన 1811లో చెప్పింది ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణం గల వాయువులలో సమాన సంఖ్యలో అణువులుంటాయని మాత్రమే, సంఖ్యకు ఆయన పేరు పెట్టినది 1909లో ఫ్రెంచి శాస్త్రవేత్త పెరాన్.

ఇప్పుడు మీ లెక్క చేద్దాం. అల్యూమినా అణుసూత్రంలో రెండు అల్యూమినియం, మూడు ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. ఒక మోల్ అల్యూమినియం పరమాణువులు 27 గ్రాములు, ఆక్సిజన్ పరమాణువులు 16 గ్రాములు తూగుతాయి కాబట్టి అల్యూమినా మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, 54కు 48 కలిపితే 102 గ్రాములు. మీకిచ్చిన 102 కిలోలంటే 1,02,000 గ్రాములు, అంటే 1000 మోల్‌లు. సమీకరణం ప్రకారం రెండు అల్యూమినా, మూడు కార్బన్ కలిసి నాలుగు అల్యూమినియం, మూడు కార్బన్ డయాక్సైడ్ ఇస్తాయి. అంటే 1000 మోల్‌ల అల్యూమినాకు 2000 మోల్‌ల అల్యూమినియం వస్తుంది. మీరు రెట్టింపు చేసింది ఇక్కడ చేయవలసిన రెట్టింపే, చోటు మాత్రం తప్పింది. 2000ను 27తో గుణిస్తే 54,000 గ్రాములు, అంటే 54 కిలోలు.

ఇక్కడితో ఆగకుండా మిగతా రెండు పదార్థాలను కూడా లెక్కించమని నా పిల్లలను బలవంతపెడతాను. కార్బన్ 1500 మోల్‌లు కావాలి, దాని బరువు 18 కిలోలు. కార్బన్ డయాక్సైడ్ 1500 మోల్‌లు వస్తుంది, దాని బరువు 66 కిలోలు. ఎడమవైపు 102కు 18 కలిపితే 120, కుడివైపు 54కు 66 కలిపితే 120. మోల్‌లను కూడితే మాత్రం ఎడమవైపు 2500, కుడివైపు 3500 వస్తాయి. అది చూసి గాభరా పడనక్కరలేదు, మోల్‌ల సంఖ్య రెండు వైపులా సమానంగా ఉండాలన్న నియమం లేదు, ద్రవ్యరాశి మాత్రం సమానంగా ఉండి తీరాలి. ఈ లెక్క ప్రకారం టన్ను అల్యూమినియానికి 333 కిలోల కార్బన్ చాలాలి. నిజమైన స్మెల్టర్లలో 400 కిలోలకు పైగా ఖర్చవుతుంది, ఎందుకంటే కార్బన్ కడ్డీలు కొంత గాలిలోనే కాలిపోతాయి. పుస్తకంలోని లెక్క కనీసం ఎంత కావాలో చెబుతుందే గాని, కర్మాగారంలో ఎంత ఖర్చవుతుందో చెప్పదు.

కాగితం మీద ఇదంతా సరిపోయినా, నాకు నమ్మకం కుదిరింది మాత్రం వంటింట్లో. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి అరువు తెచ్చుకుని, స్టీలు గిన్నెలో 10 గ్రాముల వంటసోడా (సోడియం బైకార్బొనేట్) వేసి సన్నని మంట మీద కలుపుతూ వేడి చేశాను. రెండు సోడియం బైకార్బొనేట్‌లు విడిపోయి ఒక సోడియం కార్బొనేట్, ఒక కార్బన్ డయాక్సైడ్, ఒక నీరు ఇస్తాయి. ఒక మోల్ బైకార్బొనేట్ 84 గ్రాములు, రెండు మోల్‌లు 168; వాటి నుంచి మిగిలే కార్బొనేట్ 106. కాబట్టి 10 గ్రాములకు 6.31 గ్రాములు మిగలాలి. మొదటిసారి దించి తూస్తే 7.1 వచ్చింది, లెక్క తప్పిందనుకున్నాను. మళ్ళీ వేడి చేస్తే 6.5, మరోసారి 6.4, ఆపైన ఇక తగ్గలేదు. మొదటిసారి నా సమీకరణం తప్పలేదు, సోడా పూర్తిగా విడిపోలేదు, అంతే. ఇది మీరు చేయదలిస్తే గిన్నె పూర్తిగా చల్లారాకనే తూచండి. వేడి గిన్నె మీది గాలి పైకి లేవడం వల్ల కాటా తక్కువ చూపిస్తుంది. గిన్నెలో మిగిలేది బట్టలుతికే సోడా కాబట్టి దానిని తిరిగి వంటసోడా డబ్బాలో పోయకండి. మా అమ్మ దగ్గర నేను తిన్న చీవాట్లు అందుకే.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. రెండు క్రియాజనకాలకూ, అంటే చర్యలో కలిసే రెండు పదార్థాలకూ, బరువులు ఇచ్చారంటే వాటిలో ఒకటి ముందుగా అయిపోతుందని, రెండోది కొంత మిగిలిపోతుందని అనుమానించాలి. ముందు అయిపోయే దానినే పుస్తకాలు లిమిటింగ్ రియేజెంట్ అంటాయి. మామయ్య దుకాణంలోనే, మూడు కిలోల బోల్టులకు ఒక్క కిలో నట్లే ఉంటే, బోల్టులు నూరు, నట్లు నూరు. అయినా బోల్టుకు రెండు నట్లు కావాలి గనుక యాభై జతలు మాత్రమే అవుతాయి. బరువు తక్కువ ఉన్నదే ముందు అయిపోతుందనుకోవడం ఒక తప్పు. మోల్‌లు తక్కువ ఉన్నదే ముందు అయిపోతుందనుకోవడం రెండో తప్పు, ఇది కొంచెం తెలిసినవాళ్ళు చేసే తప్పు. నైట్రోజన్ 2 మోల్‌లు, హైడ్రోజన్ 3 మోల్‌లు ఇస్తే, ఎక్కువ మోల్‌లు ఉన్న హైడ్రోజనే ముందు అయిపోతుంది, ఎందుకంటే ఒక నైట్రోజన్‌కు మూడు హైడ్రోజన్‌లు ఖర్చవుతాయి. కాబట్టి ప్రతి క్రియాజనకం మోల్‌లనూ దాని గుణకంతో భాగించి, వచ్చిన వాటిలో ఏది చిన్నదో చూడాలి. లెక్క దానితోనే మొదలుపెట్టాలి.

నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులు ఉంటాయి కనుక దాని మోలార్ ద్రవ్యరాశి 28. 14 వేసుకుని చేసిన పేపర్లు నేను ఎన్నో దిద్దాను. అలాగే హైడ్రోజన్‌ది 2. కాబట్టి 10 గ్రాముల నైట్రోజన్ 0.357 మోల్‌లు, 10 గ్రాముల హైడ్రోజన్ 5 మోల్‌లు. గుణకాలు 1, 3 తో భాగిస్తే 0.357, 1.667 వస్తాయి. నైట్రోజనే ముందు అయిపోతుంది. ఒక నైట్రోజన్‌కు రెండు అమ్మోనియా వస్తుంది కాబట్టి అమ్మోనియా 0.714 మోల్‌లు, 17తో గుణిస్తే 12.14 గ్రాములు. హైడ్రోజన్ 1.071 మోల్‌లు, అంటే 2.14 గ్రాములు ఖర్చై, 7.86 గ్రాములు మిగులుతుంది. 12.14కు 7.86 కలిపితే మళ్ళీ 20. ఇవన్నీ చర్య పూర్తిగా జరిగిందనుకుని చేసిన లెక్కలు. నిజానికి ఈ చర్య పూర్తిగా జరగదు, ఆ సంగతి సమతాస్థితి పాఠంలో వస్తుంది.

మీ ప్రశ్న చివర వాయువుకు 22.4 లీటర్లు ఎప్పుడు వాడాలని కూడా ఒక వాక్యం రాశారు. అది 0 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద మోల్ వాయువు ఆక్రమించే ఘనపరిమాణం. పీడనాన్ని ఒక బార్‌గా తీసుకునే కొత్త పుస్తకాలు 22.7 లీటర్లని వాడతాయి కాబట్టి ప్రశ్నలో ఏమిచ్చారో చదివి చూడండి. 30 డిగ్రీల వేడి ఉన్న గదిలో, ఒక అట్మాస్ఫియర్ వద్ద, అదే మోల్ దాదాపు 24.9 లీటర్లు ఆక్రమిస్తుంది. ద్రవాలకూ ఘనపదార్థాలకూ 22.4 వాడకండి, నీళ్ళ మోల్‌ల కోసం లీటర్లను 22.4తో భాగించిన పేపర్ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది, అది నాదే.