ఆ రెండు మాటలూ తీసేయండి

ప్రశ్న: పల్మనాలజీలో పీజీ చేస్తున్నాను. లింఫ్ గడ్డల టీబీని జీన్ ఎక్స్‌పర్ట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) ఎంతవరకు పట్టుకుంటుందో ఇప్పటిదాకా వచ్చిన పేపర్లన్నీ పోగేసి రివ్యూ రాయాలి. వైద్య పేపర్ల సూచిక పబ్‌మెడ్‌లో వెతికితే కుప్పలుగా వచ్చాయి. సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పరీక్ష ఎంతవరకు పట్టుకుంటుంది), స్పెసిఫిసిటీ (లేనివాళ్లను లేదని ఎంతవరకు చెబుతుంది) అన్న మాటలు కలిపాక బాగా తగ్గాయి, హాయిగా ఉంది. కానీ నా దగ్గర ముందే ఉన్న రెండు మంచి పేపర్లు అందులో లేవు. ఎక్కడ తప్పు చేశాను?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: హాయిగా ఉందన్నారు చూడండి, తప్పు అక్కడే జరిగింది. ఆ రెండు మాటలూ తీసేయండి.

పేపరు రాసేవాళ్లందరూ సారాంశంలో సెన్సిటివిటీ అని రాయరు. 'కల్చర్‌తో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షతో) పోల్చి చూశాం', 'ఇంతమందికి పాజిటివ్ వచ్చింది' అని ఊరుకుంటారు, అసలు లెక్క లోపలెక్కడో ఒక టేబుల్లో ఉంటుంది, దాంట్లోంచి జబ్బు ఉందా లేదా, పరీక్ష పాజిటివా నెగటివా అన్న ఆ నాలుగు గడులూ మీరే నింపుకోవాలి. పబ్‌మెడ్ వెతికేది శీర్షిక, సారాంశం, పేపరుకి విషయాన్ని బట్టి అంటించే మెష్ ట్యాగుల్లాంటి వాటిలోనే, పేపరు లోపలికి పోదు. అందులో క్లినికల్ క్వెరీస్ అని ఒక రెడీమేడ్ జల్లెడ ఉంది కదా, డయాగ్నసిస్‌కి 'న్యారో' ఎంచుకుంటే అది చూసేది శీర్షికలోనో సారాంశంలోనో స్పెసిఫిసిటీ అన్న ఒక్క మాట ఉందా అనే! ఓపీలో కూర్చుని గబగబా వెతుక్కోవడానికి సరిపోతుందేమో గానీ రివ్యూకి సరిపోదు. వైద్య రివ్యూలు ఎలా చేయాలో చెప్పే కాక్రేన్ హ్యాండ్‌బుక్ కూడా ఇలాంటి రివ్యూలకి ఆ ఫిల్టర్లను నమ్ముకోవద్దనే అంటుంది.

నిజానికి వెతకడమూ ఒక పరీక్షే. పనికిరాని పేపరు వస్తే ఫాల్స్ పాజిటివ్, సారాంశం చదివి పక్కన పడేస్తారు. రాకుండా పోయింది ఫాల్స్ నెగటివ్, అది పోయిందన్న సంగతే మీకు తెలీదు. ఆ రెండు పేపర్లు చేతిలో ఉండబట్టి ఈసారి దొరికిపోయింది.

కాబట్టి రెండే గుంపులు పెట్టుకోండి: పరీక్ష, జబ్బు. గుంపు లోపలి మాటల మధ్య ఆర్ (ఏదో ఒకటి ఉన్నా చాలు), రెండు గుంపుల మధ్య యాండ్ (రెండూ ఉండాలి). పరీక్ష గుంపులో ఎక్స్‌పర్ట్ ఎంటీబీ, జీన్ ఎక్స్‌పర్ట్‌తో పాటు అదే పరీక్షకి మరో పేరైన సీబీనాట్ తప్పకుండా ఉండాలి, మన దేశం నుంచి వచ్చే పేపర్లలో చాలావాటిలో ఆ పేరే కనిపిస్తుంది. జబ్బు గుంపులో లింఫ్ నోడ్ టీబీ, ట్యూబర్‌క్యులస్ లింఫడినైటిస్, మన పెద్దవాళ్లు గండమాల అనే స్క్రోఫ్యులా, వీటన్నిటికంటే ముఖ్యంగా ఎక్స్‌ట్రా పల్మనరీ. ఎందుకంటారా? ఊపిరితిత్తులు కాని టీబీ అంతా ఒకే పేపర్లో వేసి, గడ్డల సంగతి ఒక వరుసలో తేల్చేసేవాళ్లు బోలెడుమంది. మీ పేపర్లు ఎక్కువగా పోయేది అక్కడే.

మెష్ ఒక్కదాన్నే పెట్టకండి, కొత్త పేపర్లకి ఆ ట్యాగులు ఇంకా పడి ఉండకపోవచ్చు, మామూలు మాటలూ కలపండి. 'హ్యూమన్స్' అన్న టిక్కు జోలికి కూడా పోవద్దు, ట్యాగు పడని పేపర్లను అదీ ఎగరగొట్టేస్తుంది. తేదీ ఫిల్టర్ కూడా అక్కర్లేదు, డబ్ల్యూహెచ్‌ఓ ఈ పరీక్షకి సరే అన్నదే 2010 డిసెంబరులో, అంతకు ముందు పేపర్లు ఎలాగూ ఎన్నో ఉండవు.

ఇదంతా అయ్యాక మీ రెండు పేపర్లూ వచ్చాయో లేదో చూడండి. రాకపోతే వాటి సారాంశాల్లో ఏ మాట వాడారో చూసి దాన్ని కూడా కలపండి. ఎంబేస్ అనే మరో సూచికలో కూడా వెతకాలి, దానికి డబ్బు కట్టాలి, మీ కాలేజీకి లేకపోతే లేదని రివ్యూలో రాసేయండి, దాచొద్దు. కొట్టిన లైను, తేదీ ఉన్నదున్నట్టు ఒక ఫైల్లో పెట్టుకోండి, థీసిస్ ఇచ్చే ముందు మళ్లీ అదే లైను కొట్టాల్సి వస్తుంది.