గిఫ్టుగా వచ్చిన ఒమేగా వాచీకి ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: నా వయసు 33. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు లక్షా పదిహేను వేలు చేతికొస్తుంది. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. నిజాంపేటలో ఫ్లాటు కొన్నాం. 46 లక్షల హోమ్‌లోన్ 8 శాతం వడ్డీ మీద నడుస్తోంది. సింగపూర్‌లో ఉండే మా బాబాయి (నాన్నగారి సొంత తమ్ముడు) గృహప్రవేశానికి వచ్చి ఒమేగా సీమాస్టర్ ఆక్వా టెర్రా వాచీ ఇచ్చారు. స్టీలుది, ఆటోమేటిక్. ఆరు లక్షల పైనే ఉంటుందట. దీనికి ట్యాక్స్ కట్టాలా? సర్వీసుకే వేలకు వేలు అవుతుందని ఆఫీసులో భయపెడుతున్నారు. నాన్నగారేమో తన హెచ్‌ఎంటీ పాతికేళ్లు ఏ సర్వీసూ లేకుండా నడిచిందని, దీన్ని బీరువాలో పెట్టేయమని అంటున్నారు. ఒక ఫ్రెండు అమ్మేసి లోన్‌లో కట్టమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ట్యాక్స్ టెన్షన్ వదిలేయండి. ఆదాయపన్ను చట్టం దృష్టిలో బాబాయి దగ్గరి బంధువే. బంధువు ఇచ్చిన బహుమతికి, ఎంత విలువైనదైనా, పన్ను లేదు. స్నేహితుడు ఇచ్చినా మామూలు స్టీలు వాచీ పన్ను పడే వస్తువుల జాబితాలోకి రాదు. బంగారంతో చేసినవి, వజ్రాలు పొదిగినవి అయితే నగల కిందికి వచ్చే అవకాశం ఉంది కాబట్టి అక్కడ లెక్క మారుతుంది. అయినా బాబాయిగారితో రెండు వాక్యాల ఉత్తరం రాయించుకుని, వాచీ కొన్న బిల్లు, ఇక్కడికి తెచ్చినప్పుడు కస్టమ్స్ సుంకం కట్టి ఉంటే ఆ రసీదు అడిగి తీసుకోండి. రేపు మీరు ఆన్‌సైట్‌కి ఆ వాచీ పెట్టుకునే వెళ్తే, బయల్దేరే ముందు శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు ‘అక్కడ కొన్నారా?’ అని అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

ఇక మీ ఫ్రెండు సలహా. షోరూమ్ ధర ఆరు లక్షలైనా అమ్మబోతే మీకు ఆరు రావు. కొన్ని రోలెక్స్, పటెక్ ఫిలిప్ మోడళ్లను పక్కన పెడితే, లగ్జరీ వాచీల్లో ఎక్కువ భాగం చేయి మారగానే ధర పడిపోయేవే. పైగా స్విట్జర్లాండ్ కూడా ఉన్న నాలుగు యూరప్ దేశాల కూటమి ఎఫ్టాతో భారత్ చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది. కొత్తదాని ధర పెరగకపోతే పాతదానికి ఇంకా బేరమాడతారు. నాలుగు లక్షలు వచ్చాయనే అనుకుందాం. లోన్‌లో కడితే మొదటి ఏడాది మిగిలే వడ్డీ 32 వేలు. చిన్న మొత్తమేం కాదు. కానీ గృహప్రవేశానికి విమానమెక్కి వచ్చిన బాబాయి, వచ్చే సంక్రాంతికి మీ చేతికేసి చూసి ‘వాచీ ఏదిరా?’ అంటే చెప్పాల్సిన జవాబు ఖరీదు కూడా ఇందులో కలపండి. ఈఎంఐ కట్టలేని పరిస్థితి ఉంటే అమ్మేయమనే చెప్పేవాణ్ణి. మీకు ఆ పరిస్థితి లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఇది పెట్టుబడి కాదు. మీ ఆస్తుల లెక్కలో దీన్ని సున్నా కింద రాయండి.

నాన్నగారి హెచ్‌ఎంటీ విషయం. ఆ పాతికేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆబిడ్స్‌లోనో కోఠిలోనో ఎవరో దాన్ని విప్పి, శుభ్రం చేసి, నూనె వేసే ఉంటారు. చేతిలో పడే బిల్లు చిన్నది కాబట్టి ఆయనకు గుర్తుండదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ గడియారం దాదాపు 250 ఏళ్లుగా నడుస్తోందంటే, వారం వారం దానికి కీ ఇచ్చే కుటుంబం ఒకటి ఉండబట్టే. మెకానికల్ వాచీలో నూనె కాలక్రమంలో ఎండిపోతుంది. ఆ తర్వాత కూడా వాచీ నడుస్తూనే ఉంటుంది, కానీ లోపల లోహం లోహాన్ని అరగదీస్తుంది. శుభ్రం చేయించడంతో పోయేది, పార్టులు మార్చేదాకా వస్తుంది.

అలాగని ఏటా సర్వీసుకు పరిగెత్తక్కర్లేదు. 5 నుంచి 8 ఏళ్లకోసారి పూర్తి సర్వీసు చాలని ఒమేగానే చెబుతుంది. వారంటీ 5 ఏళ్లు. మీ మోడల్‌కు మాస్టర్ క్రోనోమీటర్ అనే కచ్చితత్వ ధ్రువీకరణ ఉంటే రోజుకు సున్నా నుంచి 5 సెకన్ల లోపు ముందుకు నడవాలి, 15,000 గాస్ అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకోవాలి. కాబట్టి ల్యాప్‌టాప్ పక్కన పెట్టినా భయం లేదు. ఫోన్‌లో టైము పక్కన పెట్టి వారం పాటు గమనించండి. రోజుకు 15, 20 సెకన్లు తేడా వస్తుంటే వారంటీలోనే చూపించేయండి.

వాచీలో నేను ఎక్కువ భయపడేది పక్కన టైము తిప్పే కీ దగ్గరే. టైము సరిచేశాక కీని లోపలికి నొక్కి, ఇక తిరగనంత వరకు మరతో బిగించాలి. సగం తిప్పి వదిలేసి, ఆ సాయంత్రమే నిజాంపేట రోడ్డులో బైకు మీద వానకు దొరికారనుకోండి, 150 మీటర్ల లోతు దాకా నీటిని తట్టుకుంటుందన్న మాట అక్కరకు రాదు. అద్దం లోపల ఆవిరి పట్టిందా, మర్నాడే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి. నీళ్ల వల్ల వచ్చిన తుప్పుకు వారంటీ వర్తిస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఖర్చు విషయానికొస్తే, కంపెనీ సర్వీసు ఐదంకెల్లోనే ఉంటుంది. ఇవాళ్టి లెక్కకు 70 వేలు అనుకోండి. ఇది రూపాయల్లో కనిపించినా అసలు ఖర్చు పుట్టేది స్విట్జర్లాండ్‌లో. పదేళ్ల కిందట 70 రూపాయల లోపు దొరికిన స్విస్ ఫ్రాంక్ ఇప్పుడు వంద దాటింది. అందుకే నెలకు వెయ్యి రూపాయలతో ఆరేళ్ల ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) వేయండి. ఆరున్నర శాతం వడ్డీ దొరికితే చివరికి 88 వేల దాకా చేతికొస్తాయి. ఆ సర్వీసులో విప్పి శుభ్రం చేయడం, నూనె, కొత్త రబ్బరు సీళ్లు, నీటి పరీక్ష అన్నీ ఉంటాయి. పాలిష్ మాత్రం వద్దని రాసివ్వండి. గీతలు పోవడం కోసం అంచులు అరగదీసుకుంటే, కొనేవాళ్లు ఆ మేరకు ధర తగ్గిస్తారు. బయట చేయించుకుంటే సగం ధరకే అయిపోతుందని కొందరు అంటారు. ఇందులో ఉండే కో-యాక్సియల్ మెకానిజం చేయి తిరిగిన మెకానిక్‌కైనా అలవాటు ఉండకపోవచ్చు, అసలు పార్టులూ బయట సులువుగా దొరకవు.

బీమా గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. హోమ్‌లోన్‌తో పాటు బ్యాంకు అంటగట్టే భారత్ గృహ రక్ష పాలసీ ఉంటే ఒకసారి చదవండి. అందులో దొంగతనానికి కవర్ ఉండేది అగ్నిప్రమాదం, వరద లాంటిది జరిగిన 7 రోజుల్లోపు దాని వల్ల జరిగితేనే. మామూలుగా తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే రాదు. బర్గలరీ కవర్ విడిగా తీసుకోవాలి. చేతికి పెట్టుకుని బయట తిరిగినప్పుడు పోయినా డబ్బు రావాలంటే ‘ఆల్ రిస్క్’ కవర్‌లో వాచీ పేరు, సీరియల్ నంబరు, విలువ రాయించాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం మరొకటి ఉంది. 46 లక్షల అప్పు, రెండేళ్ల పాప, ఒకే జీతం గురించి రాశారు. టర్మ్ పాలసీ ఊసే లేదు. కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. మీ వయసులో పొగతాగే అలవాటు లేకపోతే కోటి రూపాయల టర్మ్ పాలసీకి నెలకు సుమారు వెయ్యి, పన్నెండు వందలు అవుతుంది. వ్యక్తిగత జీవిత బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. కనీసం కోటిన్నరకు తీసుకోండి. ఈ నెల ఆ పని చూడండి. వాచీ ఆర్డీ వచ్చే నెల మొదలుపెట్టినా వాచీకి వచ్చిన నష్టమేమీ లేదు.